రాళ్ళ మీది పాకురు

సుల్తానాబాద్‌లో లింగమూర్తి ఇల్లెక్కడ అని అడిగితే ఏ లింగమూర్తి అంటారు. హౌజుల లింగమూర్తి అంటే దగ్గరుండి తీసుకుపోతారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన కట్టినవన్నీ నీళ్ళు నిలిచేవే. వాకిట్లో భూమిలోపల దాగుండే సంపులు, మిద్దెల మీది ట్యాంకులు, కొట్టాల పక్కన బర్లు తాగే గోలేలు. గోడ కట్టమని పిలిస్తే పోడు.

"గోడ ఎవడన్న కడ్తడు. అది నిలవడ్తె సాలు. నీళ్ళను నిలవెట్టుడు వేరే పని" అంటాడు.

పని అప్పజెప్పడానికి ఆయనకో పద్ధతి ఉంది. హౌజు నింపించి, నీటి అంచున గోడ మీద బొగ్గుతో గీత గీసి ఇంటికి పోతాడు. తెల్లారి వచ్చి గీత చూస్తాడు. నీళ్ళు గీత మీదనే ఉంటే వాటిని తోడించి, లోపలికి దిగి బ్లీచింగ్ పొడి చల్లి, కొబ్బరి పీచుతో నాలుగు గోడలూ అడుగూ రుద్దుతాడు. రెండుసార్లు కడిగి మళ్ళీ నింపిస్తాడు. అప్పుడు ఇంటివాళ్ళను పిలిచి, వాళ్ళు చూస్తుండగా దోసిలితో ముంచుకుని తాగుతాడు. ఇంటాయన ఈయన భుజాన ఒక తువ్వాల కప్పుతాడు. అంతటితో పని అయినట్టు. ఇన్నేళ్ళలో ఒక్క హౌజు కారలేదు. ఒక్క దాంట్లో నీళ్ళు వాసన రాలేదు. తువ్వాలలు మాత్రం ఇంటినిండా ఉన్నాయి. ఆయన భార్య సత్తమ్మ వాటితోనే బియ్యం సంచుల మూతులు కడుతుంది.

ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాక పిలిచేవాళ్ళు తగ్గారు. ఆ తర్వాత మోకాళ్ళు పోయాయి. ఇంక గుంతల్లోకి దిగడం బందు పెట్టమని కరీంనగర్‌లో డాక్టరు చెప్పాడు. లింగమూర్తి ఒప్పుకున్నాడు గానీ, ఆఖరుది ఒకటి మంచిగా కట్టి మానేస్తానన్నాడు. ఇంటి చూరు కింద తాపీ, లెవెల్ పైపు, కొబ్బరి పీచు ఉన్న సంచి ఏడాదిన్నర అట్లాగే వేలాడింది.

ఆ ఆఖరు పని రామవ్వ తెచ్చింది. రామవ్వ పదిహేనేళ్ళు ఆయన దగ్గర సిమెంటు మాలు తట్టలు మోసిన మనిషి. నడుము పట్టేసినప్పటి నుంచి వినోద మేడం ఇంట్లో పనికి కుదిరింది. వినోద జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది. భర్త సింగరేణిలో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు.

"మేస్త్రీ, మా మేడం పెరట్ల వాగు పెట్టిస్తదట" అంది రామవ్వ వాకిట్లో నిలబడే.

"వాగు పెట్టిచ్చుడేంది?"

"నాకేమెరుక. ఊర్లె మేస్త్రీలందర్ని అడిగింది. అందరు నవ్విన్రట. ఇసొంటి పిచ్చి పనికి మా మేస్త్రే సరిపోతడని చెప్పిన."

సంక్రాంతి సెలవులకు ముందే పోయి చూశాడు. ఇంటి వెనక పొడుగాటి జాగా, ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. వినోద సుద్దముక్కతో నాపబండ మీద బొమ్మ గీసి చూపించింది. పల్లంలో మూడడుగుల లోతు మడుగు. దాని అడుగున చిన్న మోటరు. అది నీళ్ళను పైపులో ఎత్తు మీదికి తోస్తుంది. అక్కడొక రాళ్ళ గుంత. నీళ్ళు ఆ గుంత అడుగున బయటపడి, రాళ్ళ సందుల్లోంచి, గులకరాళ్ళలోంచి పైకెక్కి, పైన నాటిన తుంగ, జమ్ముల మధ్య నుంచి పొంగి, ఇరవై అడుగుల వాగులో పడి మళ్ళీ మడుగులో కలుస్తాయి.

"ఫిల్టరు ఏడ వెడ్తరు మేడం?"

"రాళ్ళే ఫిల్టరు లింగమూర్తన్నా."

"మరి మందు?"

"మందేం లేదు. కొన్ని రోజులకు రాళ్ళ మీద జిగురు పడ్తది. అండ్ల కంటికి కనవడని జీవాలు ఉంటయ్. చేపల మురికిని అవి తింటయ్, మిగిలింది తుంగ వేర్లు పీల్చుకుంటయ్. నీళ్ళు మార్చే పనే ఉండదు."

లింగమూర్తి తలూపాడు. చదువుకున్నవాళ్ళు చెబుతున్నప్పుడు తలూపడం ఆయనకు అలవాటే. మనసులో మాత్రం అడుగు ఎంత మందం పోయాలి, మూలలు ఎట్లా గుండ్రంగా తిప్పాలి అని చూసుకుంటున్నాడు.

తవ్వడానికి ఇద్దరు కూలీలను పెట్టుకుని, తను పీట మీద కూర్చుని చెప్పి చేయించాడు. సిమెంటు పూసే గిలాబు పని మాత్రం తనే చేశాడు. దిగేటప్పుడు రామవ్వ చెయ్యి పట్టుకునేది. మానేరు గులకరాళ్ళు ట్రాక్టరులో వచ్చాయి. వాగు, మడుగు అడుగున పరవడానికి గ్రానైటు కోసే ఫ్యాక్టరీ దగ్గర పారేసిన ముక్కలు తెప్పించారు. అవి ఒక పక్క అద్దంలాగా నున్నగా, ఒక పక్క గరుకుగా ఉంటాయి. లింగమూర్తి నున్నటి పక్క పైకి పెట్టి పరవడం మొదలుపెట్టాడు. వినోద కాలేజీ నుంచి వచ్చి చూసి అన్నీ తిప్పించింది.

"గరుకు పక్క పైకుండాలె. జిగురు పట్టాలె గద."

"నున్నగుంటె కడుగుడు అల్కగుంటది మేడం."

"కడుగుడే లేదు లింగమూర్తన్నా."

తిప్పి పరిచాడు. ఒక్క ముక్కను మాత్రం, అరచేయంత నల్లటిదాన్ని, మడుగులో అన్నిటికంటే లోతైన చోట మెరిసే పక్క పైకి పెట్టి సిమెంటులో అదిమాడు. మేడంకు చెప్పలేదు.

కొత్త సిమెంటులోని సున్నం చేపలకు పడదని మూడుసార్లు నింపి మూడుసార్లు వదిలారు. తర్వాత బొగ్గు గీత గీశాడు. తెల్లారి చూస్తే నీళ్ళు వేలెడు దిగి ఉన్నాయి. లింగమూర్తి మధ్యాహ్నం దాకా వాగు పక్కన కూర్చున్నాడు. మూడో మలుపులో నీళ్ళు రాయికి తగిలి బయటికి చిందుతున్నాయి. ఆ రాయిని రెండంగుళాలు జరిపాడు. మర్నాడు గీత నిలబడింది. పెరట్లో పైనుంచి కిందికి నీళ్ళు సన్నగా చప్పుడు చేస్తూ పారాయి. రామవ్వ చేతిలో చీపురు పట్టుకుని అట్లాగే నిలబడి చూసింది.

"కట్టినవ్ మేస్త్రీ. నవ్వినోల్లను దీస్కరావాలె."

ఫిబ్రవరి మొదట్లో తుంగ నాటారు. చెరువు మీద చేపలు పట్టేవాళ్ళ దగ్గర ముప్ఫై పరక చేపలు తెచ్చి వదిలారు. లింగమూర్తి ఇంక కడిగి అప్పజెప్తానన్నాడు.

"ఇప్పుడే కాదు" అంది వినోద. "ఇంకో నెలన్నర, రెండు నెలలు ఆగాలె. నీళ్ళు కుదురుకోవాలె. అప్పుడు అయినట్టు."

పని అయ్యాక ఆగడమనేది ఆయన ఎరగడు. రెండు రోజులకోసారి వచ్చి చూసిపోయేవాడు. వచ్చినప్పుడల్లా అధ్వాన్నంగా కనిపించేది. మొదట నీళ్ళు బియ్యం కడుగులాగా తెల్లబారాయి. తర్వాత ఆ తెలుపు విరిగింది గానీ, వాగు రాళ్ళ మీద గోధుమరంగు పాకురు మొలిచింది. వేలితో తాకితే జర్రున జారుతుంది. వంగి వాసన చూస్తే చెరువు వాసన.

మార్చి ఆఖరులో వినోద ఇంటర్ పేపర్లు దిద్దడానికి కరీంనగర్ పోయింది. ఎండలకు రోజూ తిరగలేక పది రోజులు చెల్లెలింట్లోనే ఉంటానని చెప్పింది. చేపలకు పిడికెడు మేత వేసే పని రామవ్వకు ఒప్పజెప్పింది. రెండో రోజు లింగమూర్తి వచ్చేసరికి రామవ్వ వాగు పక్కన కూర్చుని ఉంది.

"మేస్త్రీ, ఒక్కటి అడుగుత, కోపం జెయ్యవు గద. నీ హౌజుల ఎన్నడన్న గింత పాకురు సూసిన్నా నేను?"

లింగమూర్తి ఒక రాయిని గోటితో గీకి చూశాడు.

"మేడమోళ్ళ సార్ ఈసారి వస్తె ఏమంటడు? ముసలోడు గిట్ల కట్టిండా అంటడు. నాకే సిగ్గయితుంది."

"బ్లీచింగ్ పొడి పట్టుకరాపో" అన్నాడు లింగమూర్తి.

పరకలను పట్టి రెండు టబ్బుల్లో వేశారు. మడుగు ఖాళీ చేశారు. రాళ్ళ గుంతలోంచి గులకరాళ్ళన్నీ తట్టలకెత్తి, పాతరోజుల్లోలాగా రామవ్వ మోస్తుంటే, లింగమూర్తి పైపు కింద బియ్యం కడిగినట్టు కడిగాడు. మోకాళ్ళ కింద గోనెసంచి మడిచి పెట్టుకుని వాగంతా రాయి తర్వాత రాయి రుద్దుకుంటూ వచ్చాడు. రెండు రోజులు పట్టింది. రెండుసార్లు కడిగించాడు. తుంగను మళ్ళీ నాటారు. నీళ్ళు నింపి పరకలను వదిలారు. అడుగున నల్ల రాయి తళతళా మెరిసింది. ఆ సాయంత్రం మోకాళ్ళు వాచి నడవలేకపోయినా లింగమూర్తి మనసు తేలికైంది. తన ఆఖరు పని తన మిగతా పనుల్లాగే ఉంది.

శనివారం సాయంత్రం వినోద బస్సు దిగి సంచితో సహా పెరట్లోకి వచ్చింది. ఎండకు ముఖం కమిలిపోయి ఉంది.

"ఇంత తేటగ ఎట్లయినయ్? ఇంకా టైం వడ్తదనుకున్న."

"అయినయ్ మేడం" అన్నాడు లింగమూర్తి. వంగి దోసిలితో ముంచుకుని తాగాడు. ఆయన పద్ధతి రామవ్వ ముందే చెప్పి ఉంచినందుకు వినోద లోపలికి పోయి కొత్త తువ్వాల తెచ్చి చేతికిచ్చింది. నీలం అంచు తువ్వాల. ఇంటికి పోయాక దాన్ని బియ్యం సంచికి కట్టవద్దని సత్తమ్మతో చెప్పాడు. సంచిలోని తాపీ తుడిచి, నూనె రాసి, అటక మీద పెట్టేశాడు.

మంగళవారం నుంచి పరకలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరవడం మొదలైంది. గురువారానికి తొమ్మిది తేలాయి. ఆదివారానికి నాలుగు మిగిలాయి. నీళ్ళు పాలకూర పులుసులాగా పచ్చబడ్డాయి. వినోద ఫోన్ చేస్తే లింగమూర్తి కర్ర పట్టుకుని వచ్చాడు. ఆమె వాగు దగ్గర వంగి ఒక రాయి తీసి చేతిలో తిప్పుతోంది.

"జిగురంత పోయింది లింగమూర్తన్నా. కడిగినట్టే ఉన్నయ్ రాళ్ళు. సబ్బు నీళ్ళు వడ్డయో ఏమో. సబ్బు వడ్డదా, అన్ని జీవాలు సచ్చిపోతయ్. మురికి తినెటియి లేక చేపలు వాటి మురికిలనే అవి సచ్చినయ్." గొంతు తగ్గించి, "రామవ్వ బోల్లు తోమిన నీళ్ళు ఇటు పారవోసిందేమోనని అడిగిన. పొయ్యలే అన్నది. మర్చిపోయి పోసిందో ఏమో. రేపటి సంది బోల్లు ముందర వాకిట్లనే తోముమని చెప్పిన" అంది.

వంటింటి గడప దగ్గర రామవ్వ కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. ఆమెకు అన్నీ వినిపిస్తాయి. తలెత్తలేదు.

"గట్లనా" అన్నాడు లింగమూర్తి. ఇంకేదో అనాలని నోరు తెరిచాడు. "చూద్దాం మేడం" అన్నాడు. కర్ర పట్టుకుని వచ్చేశాడు.

రెండు రోజులు ఇల్లు కదల్లేదు. ఒక్కటి కూడా కారలేదు, ఒక్కటి కూడా ఖరాబు కాలేదు. ఈ మాట ఆయన నోటితో అనకపోయినా ఊరంతా అనేది. అది విన్నప్పుడల్లా వినబడనట్టు ఉండేవాడు. ఇప్పుడు మేడంకు తనెందుకు చెప్పలేదో ఆలోచిస్తే ఆ మాట ఒక్కటే అడ్డం వస్తోంది. ఇంకొక్క పని చేసి దీన్ని మరిపిద్దామంటే మోకాళ్ళు లేవు. ఇదే ఆఖరుది.

"అన్నం సల్లారుతుంది. ఏమైందయ్యా?" అంది సత్తమ్మ.

"ఏం కాలే."

"ఏం గాకుంటె కంచంల గీతలెందుకు గీస్తున్నవ్?"

మూడో రోజు పొద్దున రామవ్వే వచ్చింది. వాకిట్లో అరుగు మీద కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను మేడంకు చెప్పలే" అంది.

"తెలుసు."

"పొడి తెచ్చింది నేనే. ఎగేసింది నేనే. సగం నాది గూడ ఉన్నది. కాని పదేండ్ల సంది నా చేతికి తాళంచెయ్యిచ్చి పొయ్యేటామె మొన్న బోల్లు ముందర తోముకో అన్నది. గంతే అన్నది. తిడితె బాగుండు." ఆయన వంక తిరిగింది. "నువ్వు చెప్తవని ఊకున్న మేస్త్రీ. చెప్పవా మరి?"

లింగమూర్తి లేచి లోపలికి పోయి నీలం అంచు తువ్వాల తీసుకుని వచ్చాడు. "పా" అన్నాడు.

వినోద కాలేజీకి తయారై పెరట్లో వల జాలీతో పచ్చటి నురగ తీస్తోంది. లింగమూర్తి తువ్వాలను మడుగు గట్టు మీద పెట్టాడు.

"మేడం, రామవ్వ సబ్బు నీళ్ళు పొయ్యలే. రాళ్ళు నేను కడిగిన. బ్లీచింగ్ పొడి ఏసి కడిగిన. గులకరాళ్ళు గూడ తీసి కడిగిన."

వినోద జాలీ పట్టుకుని అట్లాగే నిలబడింది. "ఎందుకు?"

"సాఫ్ జేసి ఇయ్యాలె గదా అని. ఎప్పుడైన గట్లనే ఇచ్చిన."

"కడగొద్దని చెప్పిన గద లింగమూర్తన్నా."

"చెప్పిండ్రు. ఇన్న. మనసుకు వట్టలే."

"మీరు ఆ నీళ్ళు తాగిన్రు గద. బ్లీచింగ్ వాసన రాలేదా?"

"వచ్చింది. నాకది మంచి వాసన మేడం."

వినోద ఆయన వంక చూసింది. తర్వాత వంటింటి వైపు చూసింది. జాలీ కింద పెట్టి, తడి చేతులతోనే లోపలికి పోయింది. లోపల ఆమె ఏమందో లింగమూర్తికి వినబడలేదు. రామవ్వ గొంతు మాత్రం వినబడింది. "గట్లంటరేంది మేడం, నేను గూడ కడిగిన. ఇద్దరం కడిగినం." కాసేపటికి రామవ్వ అంట్ల గిన్నెలు ఎత్తుకుని ముందు వాకిట్లోంచి మళ్ళీ పెరటి నల్లా దగ్గరికి తెచ్చి పెట్టుకుంది.

వినోద తిరిగొచ్చేసరికి లింగమూర్తి అడిగాడు. "ఇప్పుడు ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు. మల్ల జిగురు పట్టాలె. పోయినసారి ఎన్ని దినాలైందో అన్నే."

"తొందరగ పట్టెటందుకు ఏం లేదా?"

"చెరువుల పాకురు వట్టిన రాళ్ళుంటయ్ గద. తడి ఆరకుండ తెచ్చి గుంతల ఏస్తె జర తొందరగైతది. ఎండ తగిలిందా, సచ్చిపోతది."

ఏప్రిల్ ఎండకు చెరువు సగం ఎండింది. తూము కింద మాత్రం సన్నగా నీళ్ళు కారుతున్నాయి. ఆ తడిలో ఏళ్ళ తరబడి ఉన్న రాళ్ళ మీద పాకురు దట్టంగా పట్టి ఉంది. పొద్దు ఎక్కకముందే రామవ్వ, లింగమూర్తి అక్కడికి పోయారు. ఆయన ఒక్కో రాయినీ పాకురు చెదరకుండా రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తి ఇస్తుంటే ఆమె తట్టలో పేర్చింది. నిండాక వాటి మీద కప్పడానికి తెచ్చిన గోనె చాల్లేదు. లింగమూర్తి భుజం మీది నీలం అంచు తువ్వాల తీశాడు. మేడం దాన్ని వాపసు తీసుకోలేదు. నీళ్ళలో ముంచి రాళ్ళ మీద కప్పాడు.

"జన్మంత పాకురు గీకుడే నీ పని" అంది రామవ్వ తట్ట ఎత్తుకుంటూ. "ఇయ్యాల దానికి గొడుగు వడ్తున్నవ్."

"నడువు. ఎండెక్కుతుంది."

నాలుగు పొద్దులు మోశారు. తువ్వాల గోధుమరంగుకు తిరిగింది. సత్తమ్మ ఎంత ఉతికినా పోలేదు.

తర్వాత చేయడానికేమీ లేదు. అదే ఆయనకు కష్టమైంది. రోజూ పొద్దున వచ్చి పీట మీద కూర్చునేవాడు. నీళ్ళు పచ్చగానే ఉండేవి. మేడం భర్త వారం సెలవుకు వచ్చినప్పుడు, పెరట్లో పాలకూర పులుసు కాస్తున్నారా అన్నాడు. లింగమూర్తి తనే మొదట నవ్వి, "నేనే ఖరాబు జేసిన సార్" అన్నాడు. చెయ్యి ఊరుకోక పీట అంచును గోటితో గీకేవాడు. అది చూసి రామవ్వ ఒకనాడు తోమాల్సిన ఇత్తడి చెంబొకటి తెచ్చి చేతిలో పెట్టింది. కూర్చున్నచోటే తోమి ఇచ్చాడు.

మే ఆఖరులో పచ్చదనం పలచబడింది. మిరుగు కార్తె ముందు రెండు వానలు పడ్డాయి. ఆ మర్నాడు పొద్దున పీట మీద కూర్చుంటే మడుగు అడుగున ఏదో మెరిసింది. ఎండ జరిగేదాకా చూశాడు. తను అదిమి పెట్టిన నల్ల రాయి. చుట్టూ గరుకు రాళ్ళన్నీ గోధుమరంగు జిగురు కప్పుకుని ఉన్నాయి. మధ్యలో అదొక్కటి నున్నగా. మిగిలిన నాలుగు పరకలూ దాని మీదుగా ఇటూ అటూ పోతున్నాయి.

"తాగవా మేస్త్రీ?" అంది రామవ్వ వెనక నుంచి.

"వద్దు" అన్నాడు. దోసిలి పట్టలేదు. వంటింట్లోకి పోయి ఆమె బిందెలోంచి ముంచి ఇచ్చిన నీళ్ళు తాగాడు.

వానాకాలంలో హుజూరాబాద్ నుంచి సాగర్ అనే అతను వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. కొత్తగా ఇల్లు కడుతున్నాడట. వెనక ఇట్లాంటిదే కట్టించాలని ఉందన్నాడు.

"మీరు కట్టినవాట్ల ఇప్పటిదాంక ఒక్కటి గూడ ఖరాబు కాలేదట గద. అందరు మీ పేరే చెప్పిన్రు."

సత్తమ్మ గడపలో నిలబడి భర్త వంక చూసింది.

"నేను దిగి కట్టుడు బందు వెట్టిన" అన్నాడు లింగమూర్తి. "మీ మేస్త్రికి చెప్పుత, గట్టు మీద కూసొని. ఇగ ఖరాబంటవా, ఒక్కటైంది. నా చేతులతోనే జేసిన. పా, సూపెడ్త."

వినోద ఇంటి పెరట్లో నీళ్ళు పారుతున్నాయి. తుంగ నడుమెత్తు పెరిగింది. సాగర్ చెప్పులు విడిచి వాగు పక్కన కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. బాగుంది తాతా అన్నాడు. రాళ్ళ మీద ఇదొక్కటే ఏదో పట్టింది, తుడిస్తే ఇంకా బాగుంటుంది అంటూ వేలు పెట్టబోయాడు.

లింగమూర్తి వంగి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టకు బిడ్డా. పని జేసేది గదే."